పెట్టెలోని వరస: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండు సంచికల కిందట ఈ శీర్షికలో ఒక చిన్న ప్రశ్నకు జవాబిస్తూ, ఈజిప్టు పురాతత్వంలో డాక్టరేట్ పుచ్చుకుని ఆ తరవాత డిటెక్టివ్ నవలలతో పేరు తెచ్చుకున్న అమెరికన్ రచయిత్రి బార్బరా మెర్ట్జ్ ప్రస్తావన తెచ్చాను. అలాంటి రచయితల చిత్తుప్రతులు, ఉత్తరాలు, నోటుపుస్తకాలు చిత్తుకాగితాల కొట్టుకు పోకుండా, పాత పత్రాలను భద్రపరిచే ఆర్కైవ్‌లకు చేరడం వల్ల పాఠకులకు కూడా ఎంతో మేలు జరుగుతుందని అక్కడే ఒక వాక్యం రాశాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం మీదే ఉన్నాయి. అన్నిటికీ విడివిడిగా రాయడం నా వల్ల అయ్యే పని కాదు కనుక, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఆ రచయిత్రి మూడు పేర్లతో రాసేవారని విన్నాను. అలాంటప్పుడు ఆమె కాగితాలను ఏ పేరు కింద భద్రపరుస్తారు? అసలు మూడు పేర్లు ఎందుకు అవసరమయ్యాయి?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: బార్బరా మెర్ట్జ్ 1927లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టారు. షికాగో విశ్వవిద్యాలయంలో ఈజిప్టు ప్రాచీన చరిత్ర, లిపులు చదివి 1952లో డాక్టరేట్ తీసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఆ రోజుల్లో ఈ రంగంలో ఉద్యోగాలే తక్కువ, ఉన్న వాటిలో ఆడవాళ్ల దాకా వచ్చేవి మరీ తక్కువ. పెళ్లి, ఇద్దరు పిల్లల పెంపకం మధ్య ఆమె కలం పట్టారు. ప్రాచీన ఈజిప్టు గురించి సామాన్య పాఠకుల కోసం రాసిన రెండు చరిత్ర గ్రంథాలు 1964లోనూ 1966లోనూ సొంత పేరుతో వెలువడ్డాయి. 1966లోనే బార్బరా మైకేల్స్ అనే పేరుతో, భయమూ రహస్యమూ కలగలిసిన నవలలు మొదలయ్యాయి. 1968లో ఎలిజబెత్ పీటర్స్ అనే మూడో పేరు వచ్చింది. ఇది ఆమె తన కూతురు ఎలిజబెత్ పేరును, కొడుకు పీటర్ పేరును కలిపి పెట్టుకున్నది. చరిత్ర కొనబోయినవారి చేతికి నవల, నవల కోసం వచ్చినవారి చేతికి చరిత్ర రాకూడదన్నది అక్కడి ప్రచురణరంగం లెక్క. 2013 ఆగస్టులో మేరీలాండ్ రాష్ట్రంలోని ఫ్రెడరిక్‌లో కన్నుమూసేనాటికి మూడు పేర్ల మీదా కలిపి అరవైకి పైగా పుస్తకాలు రాశారు. 1998లో అమెరికా మిస్టరీ రచయితల సంఘం ఆమెకు గ్రాండ్ మాస్టర్ గౌరవం ఇచ్చింది.

భద్రపరిచే విషయానికి వస్తే, ఆర్కైవ్‌లు పాటించే నియమం సూటిగా ఉంటుంది: కాగితాలు మనిషివి, పేరువి కావు. ఒక మనిషి పోగుచేసుకున్నదంతా ఒక్కచోటే ఉంటుంది. మిగిలిన పేర్ల దగ్గర మాత్రం "ఫలానా పేరు చూడుడు" అనే సూచన ఉంటుంది. తెనాలి వారికి ఈ ఇబ్బంది కొత్తది కాదు. మీ ఊళ్లోనే హోటల్లో పనిచేస్తూ, తమిళం మాతృభాష అయి ఉండీ, తెలుగులో కథలూ నవలలూ రాసిన 'శారద' అసలు పేరు ఎస్. నటరాజన్. శారద కోసం వెతికేవారికి నటరాజన్ దొరకాలి, నటరాజన్ కోసం వెతికేవారికి శారద దొరకాలి. బీనాదేవి విషయంలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ ఒక్క పేరు వెనక భార్యాభర్తలు ఇద్దరు ఉన్నారు. ఏ పేజీ ఎవరి చేతి రాతో చెప్పగలిగేది అసలు కాగితమే.

ఈ సందర్భంలో మీకు నచ్చగల సంగతి ఒకటి చెప్పాలి. ఎలిజబెత్ పీటర్స్ పేరుతో 1975లో మొదలైన అమీలియా పీబడీ నవలల మాలిక మొత్తం ఇరవై పుస్తకాలు. 1884 నుంచి ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖమున్ సమాధి బయటపడిన 1922 దాకా ఈజిప్టులో తవ్వకాలు చేస్తూ, హత్యల గుట్టు విప్పుతూ తిరిగే ఇంగ్లీషు ఇల్లాలి కథ అది. రచయిత్రి తనను ఆ కథలకు 'సంపాదకురాలు' అని మాత్రమే చెప్పుకుంటారు. అమీలియా డైరీలు తన చేతికి వచ్చాయని, తరవాత ఆ కుటుంబానివే మరికొన్ని కాగితాలు బయటపడ్డాయని, వాటిలో 'హెచ్ రాతప్రతి' అనేదాన్ని అమీలియా కొడుకు రాశాడని ఆమె పీఠికల్లో ఎంతో శ్రద్ధగా వివరిస్తారు. అంటే, ఒక పురాతత్వవేత్త ఈ మాలిక మొత్తాన్నీ ఒక ఊహా ఆర్కైవ్ రూపంలో కట్టారన్నమాట. కాగితాలంటే ఆమెకు ఎంత గౌరవమో నాకు అక్కడే తెలిసింది.

ప్రశ్న: రచయిత పంపిన తుది రూపం అచ్చులో ఉండగా చిత్తుప్రతులతో పనేమిటి? కొట్టేసిన మాటలు చదవడం రచయిత ఇష్టాన్ని కాదనడం కాదా?
(ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: మీ అభ్యంతరంలో న్యాయం ఉంది. తుది రూపం మీద హక్కు రచయితదే. కానీ చిత్తుప్రతి వేరే ప్రశ్నకు జవాబిస్తుంది. ఈజిప్టు నుంచే ఉదాహరణ ఇస్తాను.

1922 నవంబరు 26న బ్రిటిష్ పురాతత్వవేత్త హొవర్డ్ కార్టర్ టుటన్‌ఖమున్ సమాధి లోపలి తలుపుకు చిన్న రంధ్రం చేసి, కొవ్వొత్తి పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. వెనక నిలబడ్డ, తవ్వకానికి డబ్బు పెట్టిన కార్నార్వన్ ప్రభువు "ఏమైనా కనిపిస్తోందా?" అని అడిగాడు. 1923లో అచ్చయిన పుస్తకంలో కార్టర్ చెప్పిన సమాధానం "అవును, అద్భుతమైన వస్తువులు." ప్రపంచమంతా ఎరిగిన మాట ఇదే, పాఠ్యపుస్తకాలకు ఎక్కినదీ ఇదే. అయితే కార్టర్ తవ్వకం దినచర్యలో, ఆ రోజు తేదీ కింద, ఉన్న మాట "అవును, అద్భుతంగా ఉంది." కార్నార్వన్ తాను రాసుకున్న కథనంలో కార్టర్ సమాధానం మరో రకంగా, "ఇక్కడ గొప్ప వస్తువులు కొన్ని ఉన్నాయి" అన్న అర్థంలో ఉంది. ముగ్గురు నలుగురు మాత్రమే నిలబడ్డ ఇరుకు దారిలో పలికిన ఒక్క వాక్యానికి మూడు రూపాలు మిగిలాయి. ఇందులో అబద్ధం ఆడినవారు ఎవరూ లేరు. చీకట్లో, వేడిగాలికి కొవ్వొత్తి రెపరెపలాడుతుండగా మనిషి నోట వచ్చిన మాటను, ఏడాది తరవాత పుస్తకానికి కావలసిన మాటగా దిద్దుకోవడం మనం కళ్లారా చూస్తున్నాం. ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్ కార్టర్ డైరీలను, ఒక్కొక్క వస్తువుకూ రాసిన కార్డులను, హ్యారీ బర్టన్ తీసిన ఫోటోలను కాపాడి అందరికీ అందుబాటులో పెట్టకపోయి ఉంటే మనకు అచ్చు వాక్యం ఒక్కటే మిగిలేది. నవంబరు 4 నాటి పేజీలో పెన్సిలుతో అడ్డంగా గీకిన "సమాధి మొదటి మెట్లు దొరికాయి" అనే ముక్క చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ మెట్ల కింద ఏముందో అది రాసిన చేతికి అప్పటికి తెలియదు, చదివే మనకు తెలుసు.

డిటెక్టివ్ నవలలకు చిత్తుప్రతి ఇంకా ముఖ్యం. అచ్చయిన నవలలో హంతకుడు మొదటి పేజీ నుంచే నిర్ణయమైపోయినట్టు ఉంటాడు. అగాథా క్రిస్టీ డెవన్‌లోని గ్రీన్‌వే ఇంట్లో 73 నోటుపుస్తకాలు వదిలి వెళ్లారు. వాటిని చదివి జాన్ కరన్ 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఆమె ఒక్కో కథకు ఎందరిని హంతకులుగా పెట్టి చూసి మార్చుకున్నారో కనిపిస్తుంది. చేతికి ఏ నోటుపుస్తకం అందితే అందులో రాసుకునే అలవాటు వల్ల ఒకే నవల ఆలోచనలు నాలుగైదు పుస్తకాల్లో చెల్లాచెదురుగా ఉంటాయి, ఒకే పుస్తకంలో కథ పక్కనే కొనాల్సిన సరుకుల జాబితా కూడా ఉంటుంది. ఎవరైనా మంచి మనసుతోనే ఆ సరుకుల పేజీలు చించేసి, నవలల పేజీలు మాత్రం విడదీసి కట్టలు కట్టి ఉంటే, ఏ ఆలోచన పక్కన ఏ ఆలోచన పుట్టిందో ఇక ఎన్నటికీ తెలిసేది కాదు.

మెర్ట్జ్ విషయంలో అయితే కాగితాలు ఏకంగా ఒక నవలనే పూర్తి చేయించాయి. అమీలియా పీబడీ మాలికలో చివరిదైన 'ది పెయింటెడ్ క్వీన్' ఆమె మరణించేనాటికి అసంపూర్తిగా ఉంది. ఆమె వదిలిన రాతప్రతినీ, రాసుకున్న గుర్తులనూ పట్టుకుని స్నేహితురాలు, రచయిత్రి జోన్ హెస్ దాన్ని ముగించగా, అది 2017లో వెలువడింది.

ప్రశ్న: నిజమైన ప్రాచీన ఈజిప్టు పత్రాల ఆధారంగా అపరాధ పరిశోధక నవల ఎవరైనా రాశారా? అంత పాత కాగితాల్లో కథ కాగలిగినంత సమాచారం ఉంటుందా?
(ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: కావలసినంత ఉంటుంది. 1921–22 శీతాకాలంలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తరఫున హెర్బర్ట్ విన్‌లాక్ దక్షిణ ఈజిప్టులోని థీబ్స్ దగ్గర తవ్వుతుండగా, మంత్రి ఇపి సమాధి పక్కనే మెసెహ్ అనే అతని చిన్న సమాధిలో, పూడ్పు మట్టితో కలిసి కొన్ని పపైరస్ (నీటిరెల్లుతో చేసిన ప్రాచీన కాగితం) చుట్టలు దొరికాయి. హెకనఖ్త్ అనే పెద్దాయన సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట ఇంటికి రాసిన ఉత్తరాలు, ధాన్యం లెక్కలు అవి. వాటిలో ఒక ఉత్తరమైతే ముద్ర కూడా విప్పకుండా, చేరవలసిన మనిషికి చేరకుండా ఉండిపోయింది.

ఊరికి దూరంగా ఉన్న ఈ ఇంటి యజమాని రాసినవి చదివితే మన పల్లెటూరి ఉమ్మడి కుటుంబం కళ్ల ముందు నిలుస్తుంది. పెద్ద కొడుకులా ఇంటి వ్యవహారాలు చూసే మెరిసుకు పొలం కౌలు గురించి ఆజ్ఞలు ఉంటాయి. ఇంట్లో ఎవరికి నెలకు ఎంత ధాన్యం కొలవాలో పేరుపేరునా పట్టిక ఉంటుంది. మీరు కొత్త బార్లీ తింటూ, నాకు మాత్రం ఎండిపోయిన పాత బార్లీ పంపుతారా అని నిష్ఠూరం ఉంటుంది. కరువు రోజులు కాబోలు, కొలత తగ్గిందని గొణిగేవాళ్లకు ఆయన చెప్పే సమాధానం, "సగం ప్రాణంతో ఉండటం పూర్తిగా చావడం కన్నా మేలు." స్నెఫ్రు అనే చిన్నవాడి మీద మాత్రం అంతులేని ముద్దు, వాడు ఏది అడిగితే అది ఇవ్వమంటాడు. తాను తెచ్చుకున్న ఇయుతెన్‌హబ్ అనే ఆడమనిషిని ఇంట్లోవాళ్లు సాధిస్తున్నారని తెలిసి మండిపడతాడు. సెనెన్ అనే పనిమనిషిని తక్షణం ఇంట్లోంచి పంపించమంటాడు. ఆస్తి, అసూయ, కొత్తగా వచ్చిన ఆడమనిషి, ముద్దుల కొడుకు, లోలోపల కుమిలే పెద్దకొడుకులు, ఇన్నీ ఉన్నాయి. శవం ఒక్కటే తక్కువ.

ఆ లోటు అగాథా క్రిస్టీ పూడ్చారు. ఈజిప్టు పురాతత్వవేత్త స్టీఫెన్ గ్లాన్‌విల్ ప్రోత్సాహంతో, ఈ ఉత్తరాల కుటుంబాన్ని నమూనాగా పెట్టుకుని, ప్రాచీన థీబ్స్‌లో జరిగే హత్యల నవల ఒకటి ఆమె రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాశారు. ఆమె నవలల్లో ఇరవయ్యో శతాబ్దం కనిపించనిది అదొక్కటే. ఉత్తరాలను పండితుడు టి.జి.హెచ్. జేమ్స్ 1962లో గ్రంథంగా ప్రచురించినప్పుడు దానికి పెట్టిన పేరు కూడా 'హెకనఖ్త్ కాగితాలు' అనే అర్థం వచ్చేదే.

నేరమే కథావస్తువుగా ఉన్న అసలు పత్రం కావాలంటే అదీ ఉంది, దాని ఉదంతం నాకు హెకనఖ్త్ ఉత్తరాల కన్నా ఎక్కువ ఇష్టం. తొమ్మిదో రామ్‌సెస్ పాలన పదహారో ఏట, అంటే క్రీస్తుపూర్వం సుమారు 1110 ప్రాంతంలో, రాజసమాధులు దోచిన ముఠా మీద థీబ్స్‌లో విచారణ జరిగింది. అమెన్‌పనుఫెర్ అనే రాళ్లు చెక్కే పనివాడి వాంగ్మూలం పపైరస్ మీద ఉంది. సోబెకెమ్‌సాఫ్ రాజు సమాధిలోకి సొరంగం తవ్వి, రాజు, రాణి శవపేటికల మీది బంగారం ఒలిచి, పేటికలకు నిప్పు పెట్టి, ఎనిమిది మంది తలా 20 దెబెన్‌లు పంచుకున్నామని చెప్పాడు. మొత్తం 160 దెబెన్‌లంటే నేటి తూకంలో పద్నాలుగు కిలోల పైమాటే. ఒకసారి పట్టుబడ్డ తాను తన వాటా బంగారం రేవు దగ్గరి గుమాస్తాకు లంచంగా ఇచ్చి బయటపడ్డానని, తిరిగి వెళ్తే మిగిలినవాళ్లు తనకు మళ్లీ వాటా కట్టి ఇచ్చారని కూడా చెప్పాడు. మూడు వేల ఏళ్ల నాటి పోలీసు రికార్డులో లంచం ఎంతో కూడా రాసి ఉంది.

ఈ పపైరస్‌లో చాలాకాలం కింది సగమే లోకానికి తెలుసు. ఇంగ్లండులోని అమ్‌హెర్స్ట్ ప్రభువు సేకరణ నుంచి అది న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీకి చేరింది. 1935లో బెల్జియం పురాతత్వవేత్త జాన్ కపార్, బ్రస్సెల్స్ మ్యూజియంలో ఖాయ్ అనే వ్యక్తి చెక్క బొమ్మ ఒకటి పరిశీలిస్తుండగా, దాని లోపలి తొర్రలో ఒక పపైరస్ చుట్ట కనిపించింది. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ యువరాజుగా ఉన్నప్పుడు ఈజిప్టు నుంచి తెచ్చుకున్న వస్తువుల్లోది ఆ బొమ్మ. చుట్ట విప్పితే పై సగం అదే! అట్లాంటిక్‌కు ఆ ఒడ్డున ఒక సగం, ఈ ఒడ్డున ఒక సగం ఉన్న వాంగ్మూలం అలా మళ్లీ ఒకటైంది.

ప్రశ్న: మన హైదరాబాద్ మ్యూజియంలోని మమ్మీ ఒక ఫరో కూతురిది అంటారు. దానికి కాగితాల ఆధారం ఉందా?
(ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి ఆ మమ్మీ వచ్చిన దారి ఇది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో దాన్ని కొని తెచ్చి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు కానుకగా ఇచ్చారు, ఆయన 1930లో మ్యూజియానికి అప్పగించారు. ఆమె 'ఆరో ఫరో కూతురు నైషు' అన్న మాట అప్పటి నుంచీ చెప్పుకుంటున్నదే.

ఇక్కడ మీరు స్వయంగా చేయగలిగిన చిన్న పరిశోధన ఉంది. ఈజిప్టును ముప్పై రాజవంశాలకు పైగా ఏలాయి, ఫరోలు వందల మంది. కాబట్టి 'ఆరో ఫరో' అనే మాటకు, ఏ వంశంలో ఆరో వాడో చెప్పకపోతే అర్థం లేదు. అది ఆరో రాజవంశం అనుకుంటే, ఆ వంశం నాలుగు వేల ఏళ్ల పైబడినది. మమ్మీ వయసు మాత్రం 2,300 నుంచి 2,500 ఏళ్లని చెబుతూ వచ్చారు. రెండు లెక్కలూ పొసగవు. ఇది మమ్మీ విలువను తగ్గించదు, ఆమె నిజంగా ఈజిప్టులో బతికి చనిపోయిన అమ్మాయే. ఏ సమాధిలో, ఏ పేటికలో, పక్కన ఏ వస్తువులతో దొరికిందో చెప్పే తవ్వకం పత్రం వెంట ఉన్న మమ్మీకి, అంగట్లో కొన్న మమ్మీకి తేడా ఇదే. మొదటిదానికి పేరు పత్రం చెబుతుంది, రెండోదానికి అమ్మినవాడు చెబుతాడు.

ప్రశ్న: ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో రచయితల కాగితాలు ఉన్నాయని తెలిసింది. పరిశోధకురాలిని కాని నన్ను చూడనిస్తారా? ఫోటోలు తీసుకుని తెలుగులో ప్రచురించవచ్చా?
(ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: చాలాచోట్ల చూడనిస్తారు. ముందుగా ఆ సేకరణకు సంబంధించిన సూచిక చదవండి. ఏ నంబరు పెట్టెలో ఏ ఫోల్డరులో ఏముందో అందులో ఉంటుంది, అది ఇప్పుడు ఎక్కువగా ఇంటర్నెట్‌లోనే దొరుకుతుంది. సేకరణ పరిమాణాన్ని అక్కడ కాగితాల సంఖ్యలో కాక, అరలో ఎన్ని అడుగుల మేర ఉందో ఆ కొలతలో చెబుతారు. పెట్టె నంబరు రాసి ముందే కబురు పెట్టి వెళ్లండి. లోపలికి పెన్ను తీసుకువెళ్లనివ్వరు, పెన్సిలే. ఒకసారికి ఒక్క ఫోల్డరు మాత్రమే తెరవాలి, కాగితాల వరస మార్చకూడదు.

ప్రచురణ సంగతి వేరు. ఉత్తరం కాగితం అందుకున్నవారిదో, వారు ఇచ్చిన లైబ్రరీదో అవుతుంది గాని, అందులోని మాటల మీద హక్కు రాసినవారిదీ, వారి వారసులదీ. మన దేశంలో రచయిత బతికుండగా అచ్చయిన రాతల మీద ఆయన మరణించాక 60 ఏళ్ల దాకా, అమెరికాలో అచ్చుకాని రాతల మీద రచయిత మరణించాక 70 ఏళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది. ఆ లెక్కన మెర్ట్జ్ అచ్చువేయని ఉత్తరాలు 2083 చివరి దాకా వారసుల అనుమతి లేకుండా పూర్తిగా ప్రచురించడానికి వీల్లేదు. ఫోటో తీసుకోనిచ్చారు కదా అని ప్రచురణకు అనుమతి ఇచ్చినట్టు కాదు.

ప్రశ్న: మా తాతగారు 1960లలో నాలుగైదు మారుపేర్లతో డిటెక్టివ్ నవలలు రాశారు. అటక మీద ఆయన ట్రంకుపెట్టె దొరికింది. రాతప్రతులు, ఉత్తరాలు, మనియార్డరు కూపన్లు, పత్రికల కత్తిరింపులు కలగాపులగంగా ఉన్నాయి. తేదీల వారీగా సర్ది, ముఖ్యమైనవి ల్యామినేషన్ చేయించి, పనికిరానివి తీసేద్దామని మా అన్నయ్య అంటున్నాడు. మీ సలహా ఏమిటి?
(ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: అమ్మా, ముందు మీ అన్నగారిని ఆపండి. ఆయన ఉద్దేశం మంచిదే, కానీ ఆ మూడు పనుల్లో ఏ ఒక్కటి చేసినా తిరిగి సరిచేయలేరు.

మీరు కలగాపులగం అంటున్నది మీ తాతగారి వరస. అమీలియా పీబడీ నవలల్లో కథానాయిక భర్తకు కొంతవరకు నమూనా అయిన ఫ్లిండర్స్ పెట్రీ అనే పురాతత్వవేత్త, రాతలే లేని కాలపు ఈజిప్టు సమాధులకు కాలక్రమం కట్టడానికి, సుమారు 900 సమాధుల్లో ఏ కుండ పక్కన ఏ కుండ ఉందో ఒక్కొక్క అట్టముక్క మీద రాసి, ఆ ముక్కలను అటూ ఇటూ జరిపి చూసి తేల్చాడు. కుండలను ముందే అందంగా రకాల వారీగా విడదీసి ఉంటే ఆయనకు ఏమీ తెలిసేది కాదు. ఆర్కైవ్‌లదీ ఇదే పద్ధతి. ఒకరి దగ్గరి నుంచి వచ్చిన కాగితాలను మరొకరి వాటితో కలపకూడదని 1841లోనే ఫ్రాన్సు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, మనిషి ఏ వరసలో ఉంచాడో ఆ వరసనే ఉంచాలన్న నియమం ఆ తరవాత స్థిరపడింది.

దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. లైబ్రరీలో చేరిన కొత్తలో, ఒక ఉపాధ్యాయుడు, కవి అయిన పెద్దమనిషి పోయాక వారి ఇంటివాళ్లు ఒక గుడ్డసంచి నిండా ఉత్తరాలు నాకు అప్పగించారు. నేను ఉత్సాహంగా ఒక్క ఆదివారం కూర్చుని వాటన్నిటినీ తేదీల వారీగా కట్టలు కట్టాను. రెండేళ్ల తరవాత ఆయన కూతురు వచ్చి, నాన్న ప్రతి పద్యాన్నీ దానికి కారణమైన ఉత్తరంలోనే మడిచి పెట్టేవారు, ఆ జతలు ఏవీ అని అడిగింది. పద్యాలు ఒక ఫైలులో, ఉత్తరాలు ఒక ఫైలులో ఉన్నాయి. తేదీలేని ఆ పద్యాలు దేనికి దేనితో జతో చెప్పగలిగినవాళ్లు ఇక ఎవరూ లేరు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి పెట్టె తెరిచి, ఏదీ కదపకుండా పైనుంచి ఒక ఫోటో తీయండి. పై పొర తీసి పక్కన పెట్టి, చిన్న చీటీ మీద పెన్సిలుతో '1' అని రాసి దానితో ఉంచండి. మళ్లీ ఫోటో. ఇలా అడుగు దాకా వెళ్లండి. కట్టకు కట్టిన దారం విప్పితే, ఆ కట్టలోని కాగితాలు విడిపోకుండా ఒకే మడత కాగితంలో పెట్టండి. తుప్పు పట్టిన గుండుసూదులు, జిగురుగా కరిగిన రబ్బరు బ్యాండ్లు నెమ్మదిగా తీయండి, కాగితానికి అంటుకుపోయి ఉంటే లాగకుండా వదిలేయండి. సెల్లోటేపు వద్దు, కొన్నేళ్లకు దాని జిగురు పసుపు మచ్చగా కాగితంలోకి దిగుతుంది. ల్యామినేషన్ అసలు వద్దు. వేడితో అంటించిన ఆ ప్లాస్టిక్‌ను కాగితం చిరగకుండా తీయడం సాధ్యం కాదు. ఆ కాలపు నాసిరకం కాగితంలో, ముఖ్యంగా పత్రికల కత్తిరింపుల్లో ఆమ్లం ఎక్కువ, అది పక్క కాగితాన్ని కూడా గోధుమరంగులోకి మార్చి పెళుసు చేస్తుంది. అందువల్ల కత్తిరింపును ఉన్న చోటే ఉంచి, దానికి ముందూ వెనకా ఒక్కొక్క మంచి తెల్లకాగితం పెట్టండి. కలరా ఉండలు, వేపాకు కాగితాలకు తగిలేలా వేయవద్దు. చెదలు కనబడితే ఆ పెట్టెను మిగిలిన సామానుకు దూరంగా పెట్టండి. అటక వేడి కాగితానికి శత్రువు, కింద గదిలో, నేల మీద కాకుండా బల్ల మీద, కిటికీ ఎండ పడని చోట ఉంచండి. స్కాన్ చేయించుకోండి, కానీ స్కాన్ చేశాం కదా అని అసలును పారేయకండి.

ఇక పనికిరానివి అని మీ అన్నగారు అనుకునేవాటిలో మనియార్డరు కూపన్లు తప్పకుండా ఉండి ఉంటాయి. ఆ పెట్టెలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి అవే. కూపను మీద పంపినవారి చిరునామా, సొమ్ము, తపాలా ముద్రలో తేదీ, కింద రెండు ముక్కల సందేశం ఉంటాయి. "ఫలానా నవలకు పారితోషికం" అని ఒక్క కూపను మీద ఉన్నా, ఆ నవల అట్ట మీద ఏ పేరు ఉన్నప్పటికీ దాన్ని రాసినది మీ తాతగారేనని రుజువవుతుంది. మారుపేర్లతో రాసి, అచ్చులో ఎక్కడా సొంత పేరు లేని రచయితకు అంతకు మించిన సాక్ష్యం దొరకదు. అందుకే కూపన్లన్నీ ఒకచోటికి తీయకండి. ఏ కూపను ఏ రాతప్రతి మడతలో ఉందో అక్కడే ఉండనివ్వండి.

పొరల వారీగా ఫోటోలు, జాబితా తయారయ్యాక, మీ ఇంట్లో పెద్దవారు ఎవరైనా ఉంటే వారి దగ్గర కూర్చుని ఆ మారుపేర్లు ఏవేవో అడిగి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా రాసుకోండి. ఆ జాబితా ప్రతి ఒకటి నాకు పంపితే, ఆ పేర్లతో వచ్చిన నవలలు ఎవరి ఇళ్లలోనైనా ఉన్నాయేమో ఈ శీర్షికలోనే పాఠకులను అడుగుతాను.